వదిలేసిన చేపకి వాటాలు

మా పేటలో దాలయ్య మాట ఎవరూ నమ్మరు. ఇది నేను వేస్తున్న నింద కాదు, ఆయన కష్టపడి సంపాదించుకున్న పేరు. ఒకసారి సముద్రంలో డాల్ఫిన్ తనని పేరు పెట్టి పిలిచిందన్నాడు. ఇంకోసారి తుఫానుకి బోటు గాల్లోకి లేస్తే, పరవాడ పవర్ ప్లాంటు గొట్టాల్లోకి పైనుంచి తొంగి చూశానన్నాడు. ఈ కథలకి ఊఁ కొట్టేవాడు పేట మొత్తానికి ఒక్కడే, ఆయన బావ పోలిరాజు. ఇరవై ఏళ్ళుగా బీడీ కాలుస్తూ, సముద్రంకేసి చూస్తూ, ఊఁ కొడుతూనే ఉన్నాడు.

అలాంటి దాలయ్య ఒక సోమవారం పొద్దున్న చిరిగిన వలతో ఒడ్డుకొచ్చి, "బస్సంత సొరసేప పడిందర్రా! ఒళ్ళంతా తెల్ల సుక్కలు. పాపం అనిపించి వల కోసి ఒగ్గీసినాను" అన్నాడు. జనం నవ్వక ఏం చేస్తారు? నేనూ నవ్వాను.

ఈసారి పోలిరాజు ఊఁ కొట్టలేదు. ఎందుకంటే ఆ వల పోలిరాజుది. బోటు దాలయ్యది, వల పోలిరాజుది, ఇద్దరూ కలిసే వేటకెళ్తారు. ఆ రోజు పోలిరాజుకి జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నాడు. దాలయ్య పనివాడు సన్నీని వెంటబెట్టుకుని వెళ్ళి, బావ వలని ఇలా తెచ్చి ఇసకలో పడేశాడు.

"తాగీసి నా వల రాళ్ళకి తగిలించీసి, సొర కతలు సెప్తన్నాడు. ఇక నా వల ఆడి బోటెక్కదు" అన్నాడు పోలిరాజు నలుగురిలో.

వల లేని బోటుతో దాలయ్య ఏం చేసుకుంటాడు, పిల్లలకి ఉయ్యాల కడతాడా? బోటు ఇసకలోనే ఉండిపోయింది. దాలయ్య పెళ్ళాం ఈశ్వరి పోలిరాజుకి సొంత చెల్లెలు. ఆవిడ మొగుడికి అన్నం పెడుతోంది గానీ కూర వెయ్యడం లేదని పేటంతా చెప్పుకున్నారు.

ఇందులోకి నేనెలా వచ్చానంటే, జాలారిపేట మలుపులో కృపా జెరాక్స్ నాదే. నా పేరు రోజలిన్. ఆధార్ మార్పులు, హాల్ టికెట్లు, కరెంటు బిల్లులు, అన్నీ నా కంప్యూటరులోంచే వెళ్ళాలి. మా ఆయన ఫ్రాన్సిస్ స్టీల్ ప్లాంటులో షిఫ్టు చేసి ఇంటికొస్తే నిద్రపోతాడు. కాబట్టి నా నోరు మొత్తం షాపులోనే ఖర్చవుతుంది.

బుధవారం నాడు దాలయ్య, సన్నీ ఇద్దరూ నా షాపుకొచ్చారు. సన్నీకి ముప్ఫై దాటాయి, ఇద్దరు పిల్లల తండ్రి, ఫోన్ అంటే మాత్రం ప్రాణం. ఆ సొరని వీడియో తీశాడట.

"మరి ఆ వీడియో చూపిస్తే సరిపోయేది కదా" అన్నాను.

"సూపించినానక్కా. వాట్సాప్‌లో పెట్టినాను. ఒక్క నిమిషమే ఎల్లింది. అదీ మసగ్గా ఉన్నాది. సుక్కలన్నీ తినీసింది. పోలిరాజు మావ అది సూసి, నల్ల టార్పాలిన్ అన్నాడు."

వాట్సాప్‌లో చూశాను. నిజం చెప్పాలంటే అది టార్పాలినే. బోటు మీద కప్పేది జారి నీళ్ళలో పడినట్టుంది. తర్వాత సన్నీ ఫోన్‌లో అసలు వీడియో మొదలెట్టి చూపించాడు. పచ్చటి నీళ్ళలో ఆ చుక్కలు ఒక్కోటి లెక్కపెట్టుకోవచ్చు. ఇంత నోరు, బుల్లి కన్ను. దాలయ్య జన్మలో మొదటిసారి నిజం చెప్పాడు, దానికి సాక్ష్యం ఆరు జీబీలుంది.

అటవీ శాఖలో సాయిశంకర్ అనే ఆఫీసరు ఉన్నాడట. ఇలాంటి సొరని వదిలేసినవాళ్ళకి కోసిన వల బదులు కొత్త వల ఇప్పించే జాబితా ఒకటి తయారు చేస్తున్నాడు. అసలు వీడియోయే కావాలి, తేదీ, టైము అందులో ఉండాలి, మెయిల్‌లో పట్టదు, లింకు పంపండి, శుక్రవారం సాయంత్రం ఐదుకి జాబితా పైకెళ్ళిపోతుంది అన్నాడట. ఆ జాబితాలో పేరు ఎక్కితే దాలయ్య అబద్ధమాడలేదని సర్కారే చెప్పినట్టు. పోలిరాజుకి కొత్త వల వస్తుంది. బోటు నీళ్ళలోకి దిగుతుంది. దాలయ్యకి కూర పడుతుంది.

"ఇదెంతసేపు, కూర్చోండి" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పెద్ద ఫైళ్ళు పంపే ఉచిత సైటు ఒకటి తెరిచి, ఫైలు లాక్కొచ్చి అందులో పడేశాను. తెర మీద గుండ్రంగా ఒక గీత, మధ్యలో అంకె. ఒక శాతం. మూడు నిమిషాల తర్వాత రెండు శాతం. ఇరవై రెండు దగ్గర ఎవరో హాల్ టికెట్ కోసమొచ్చి ఆ ట్యాబ్ మూసేశాడు. మళ్ళీ సున్నా నుంచి. ఆ కుర్రాణ్ణి నేనన్న మాటలకి ఆదివారం చర్చిలో క్షమాపణ అడిగాను, ప్రభువుని, వాణ్ణి కాదు. చీకటి పడేలోపు నూరు శాతం అయింది, లింకొచ్చింది. ఏడు రోజులు పనిచేస్తుంది, పదిసార్లు దించుకోవచ్చు అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. చదివాను. ఆఫీసరు ఒక్కడే కదా, పది ఎందుకు అనుకున్నాను. దాలయ్యకి ఆ ముక్క చెప్పలేదు.

తర్వాత నా పద్ధతి ప్రకారం ఫైలుని నా కంప్యూటరులోంచి తీసేశాను, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. ఒకసారి ఎవరిదో మెడికల్ రిపోర్టు తెర మీద మర్చిపోతే పేటంతా తెలిసిపోయింది, అప్పటినుంచీ ఇదే నియమం. సన్నీకి కూడా క్లాసు పీకాను. "పని అయ్యాక ఫోన్లో చెత్త ఉంచుకోకు. తీసేశాక, ఆ తీసేసినవి ఉండే చోట కూడా తీసెయ్యాలి, తెలిసిందా?" వాడు బుద్ధిగా తలూపాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకి దాలయ్య చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"రోజమ్మా, ఆపీసరు పోన్ సేసినాడు. లింకు సచ్చిపోయిందంట!"

"లింకు చావడమేటి బాబాయ్, ఇంకా ఐదు రోజులుంది" అని సైటు తెరిచి చూశాను. పదికి పది అయిపోయాయి అని ఎర్రక్షరాల్లో ఉంది.

"ఆఫీసరుకి కాక ఇంకెవరికి పంపావు?"

"అందరికీ."

"అందరికీ అంటే?"

"వాటా ఉన్నోళ్ళకి."

నేను అరిచాను. జెరాక్స్ కోసమొచ్చిన ఇద్దరు కాగితాలు తీసుకోకుండానే వెళ్ళిపోయారు. దాలయ్య మాత్రం తాను చేసింది తప్పెలా అవుతుందో అర్థంకాక నిలబడ్డాడు.

"అదేటమ్మా అలగంటావు? సేప పడ్డాదంటే వాటా ఎయ్యాల కదా. బోటుకొకటి, వలకి రెండు, మనిసికొకటి. బోటు ఒడ్డుకి లాగినప్పుడు తాడట్టినోళ్ళకి గుప్పెడు. అంత సేప నా జన్మలో పడనేదు. దాన్ని ఒగ్గీసినాను, ఎవులికీ ముక్క పెట్టనేదు. బొమ్మైనా ఇవ్వకపోతే ఊరోళ్ళ మొకం ఎలగ సూత్తాను?"

ఆ కోపంలోనే సన్నీని పిలిపించాను.

"ఫోన్ తియ్యరా. ఫైలు మళ్ళీ ఎక్కిద్దాం."

సన్నీ మొహం తెల్లబడింది. "తీసీసినానక్కా. మా సిన్నదాని పుట్టినరోజు వీడియోకి జాగా నేకపోతేను."

"తీసేసినవి ఉండే చోట చూడు."

"అక్కడా తీసీసినాను. నువ్వే సెప్పినావు కదక్కా."

నేను నా కుర్చీలో కూలబడ్డాను. అరవడానికి ఎవరూ మిగల్లేదు, నేను తప్ప. ఆ సొర ఉన్న ఆరు జీబీలు ఈ భూమ్మీద మూడు చోట్ల ఉండేవి. ఒకటి సన్నీ తీసేశాడు, ఒకటి నేను తీసేశాను, మూడోది ఊరంతా కలిసి నొక్కి నొక్కి చంపేశారు. ఇక దాలయ్య చచ్చేదాకా టార్పాలిన్ దాలయ్యే. నాకు ఏడుపొచ్చింది. అది కనపడకుండా ప్రింటర్లో కాగితం సర్దాను.

"పదిసార్లు దించారంటే ఎవరో ఒకళ్ళ ఫోన్‌లో పూర్తిగా దిగి ఉండాలి. ఎవరెవరికి పంపావో చెప్పు" అన్నాను.

ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేశాం. టీ కొట్టు వాసు మూడుసార్లు నొక్కాడట, మొదటి రెండుసార్లూ నొక్కుడు పడలేదేమోనని. ఇడ్లీలమ్మే భ్రమరాంబ రెండుసార్లు నొక్కింది, రోజూ ఇచ్చే డేటా రెండుసార్లూ మధ్యలోనే అయిపోయింది. ఐసు ఫ్యాక్టరీ కృష్ణంరాజు రెండుసార్లు. ఫోన్‌లో జాగా లేదని అది ముందే చెబుతున్నా ఆయన వినలేదు. పోతమ్మత్త ఒకసారి నొక్కింది. ఆవిడ డెబ్భై ఏళ్ళ మనిషి, బోటు వస్తే తాడు పట్టకుండా ఉండదు. ఫోన్ చేస్తే స్వయంగా షాపుకే వచ్చేసింది.

"సెక్రం తిరగతంది, తిరగతంది, ఆగదు. పోన్ వేడెక్కిపోనాది. పేలీపోద్దేటోనని బియ్యం డబ్బాలో కప్పెట్టీసినాను" అంది.

"ఎనిమిదయ్యాయి" అన్నాను.

సన్నీ మెల్లిగా చెయ్యెత్తాడు. "నానూ ఒకసారి నొక్కినానక్కా."

"నువ్వా? తీసింది నువ్వే కదరా!"

"తీత్తే మాత్రం? నా వాటా నాకొద్దా?"

వాణ్ణి కొట్టడానికి చేతికి స్టేప్లరు తప్ప ఏమీ దొరకలేదు, అందుకని వదిలేశాను. తొమ్మిది. వీళ్ళెవరి దగ్గరా పూర్తి వీడియో లేదు.

"ఇంకెవరు? పదోవాడెవడు?"

దాలయ్య గోడ మీద క్యాలెండరు చదువుతున్నట్టు నిలబడ్డాడు. "బావకి పంపినాను" అన్నాడు చివరికి. "రెండుసార్లు."

"మాటల్లేవు కదా మీకు?"

"మాటల్నేకపోతే? వలకి రెండు వాటాలు. అది వల ధర్మం. దానికీ దీనికీ ఏటి సంబంధం?"

టైము రెండున్నర. "వెళ్ళి అడుగు" అన్నాను. ఆడి గుమ్మం తొక్కనన్నాడు. తొక్కనంటే తొక్కనని బల్ల గుద్దాడు, నా బల్ల. సరే, ఈ ఫైలుని చంపిన పాపంలో నాకూ వాటా ఉంది కాబట్టి షాపు పోతమ్మత్తకి అప్పజెప్పి నేనే బయల్దేరాను.

పోలిరాజు ఇల్లు రెండు వీధుల అవతల. అరుగు దగ్గరికి వచ్చేసరికి లోపల్నుంచి దాలయ్య గొంతు వినిపించింది. ఒక్క క్షణం బుర్ర తిరిగింది, దాలయ్యని ఇప్పుడే షాపులో వదిలొచ్చాను కదా. అప్పుడర్థమై అక్కడే ఆగిపోయాను.

"ఎల్లు తల్లీ, ఎల్లు. కదిల్తే కోసుకుంటావు, ఆగు. ఒరే సన్నీ, ఆ పక్క కూడా కోసీరా." నీళ్ళ చప్పుడు. కత్తితో తాళ్ళు తెగుతున్న చప్పుడు. దాలయ్య ఆయాసం. "ఇది మా బావ వల్రా. జొరంతో పడుకున్నోడి వల కోసీత్తన్నాను. నాను ఎన్ని కూతలు కూసినా నమ్మీవోడు ఆడొక్కడేరా. ఈ ఒక్కటీ నమ్ముతాడో, నమ్మడో." ఆ తర్వాత దాలయ్య ముక్కు చీదుకున్న చప్పుడు. వాట్సాప్‌లో వెళ్ళిన ఒక్క నిమిషంలో ఈ మాటలు లేవు. సన్నీ చూపించినప్పుడు మేమూ ఇక్కడిదాకా చూడలేదు, చుక్కలు చూసి సంబరపడి ఆపేశాం.

వీడియో అయిపోయింది. మళ్ళీ మొదట్నుంచీ మొదలైంది.

నేను దగ్గాను. పోలిరాజు ఫోన్ బోర్లా పెట్టేసి బయటికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జ్వరం ఇంకా తగ్గలేదేమో అనుకోవడానికి కొంచెం సేపు ఒప్పుకున్నాను.

"ఎప్పుడు దించావు బాబాయ్?"

"నిన్న సీతమ్మధారలో మా కూతురు సుధారాణి ఇంటికెల్లినాను. దానింట్లో వైఫై ఉన్నాది. అదే ఎక్కించి ఇచ్చినాది."

"మరి నిన్నట్నుంచీ తెలిసి, ఒక్క మాట చెప్పలేదేం?"

ఆయన బీడీ వెతుక్కున్నాడు. "టార్పాలిన్ అన్నది నానే కదా నలుగుర్లోనూ" అన్నాడు. "ఏ మొకం ఎట్టుకుని సెప్పాల?"

"ఆ మొహమే పెట్టుకుని నడు. ఐదుకల్లా పంపకపోతే ఇక ఎవరికీ చెప్పక్కర్లేదు" అని ఫోన్ నేనే తీసుకుని నడిచాను. ఆయన నా వెనకాలే వచ్చాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

షాపులో దాలయ్య బావని చూసి లేచి నిలబడ్డాడు. పోలిరాజు ఆయనకి వీపు చూపించి కుర్చీలో కూర్చున్నాడు. నేను ఫైలు కంప్యూటరులోకి దించి, మళ్ళీ ఆ సైటు తెరిచి, పడేశాను. మూడుకి ఐదు నిమిషాలు తక్కువ. నా వైఫై వాడుతున్న ప్రతివాడి ఫోనూ లాక్కుని డ్రాయరులో పడేశాను. ఈసారి అంకె కొంచెం త్వరగా కదిలింది. ఇరవై. ముప్ఫై ఐదు.

"రోజమ్మా" అన్నాడు పోలిరాజు తెరకేసి చూస్తూ, "ఆ ముక్కు చీదడం కూడా ఆపీసరుకి ఎల్తాదేటి?"

"అంతా వెళ్తుంది బాబాయ్."

"అది కోసీడానికి అవదా? ఆణ్ణి సూసి ఊరికే నవ్వుతారు."

"కోస్తే అసలుది కాదు."

వెనకనుంచి దాలయ్య, "ఏ ముక్కు? నానేటి సీదినాను?" అన్నాడు.

ఎనభై మూడు దగ్గర కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, యూపీఎస్ కీచుకీచుమని మొదలెట్టింది. అది బాగా నిలబడితే అరగంట, దాని బుద్ధి బాగోకపోతే పది నిమిషాలు. పోతమ్మత్త గంగమ్మ తల్లికి మొక్కింది. నేను ప్రభువుని పిలిచాను. సన్నీ డ్రాయరులోంచి తన ఫోన్ లాక్కుని కరెంటాఫీసుకి చేసి బతిమాలాడు. ఎవరి మాట పనిచేసిందో నాకు తెలీదు, యూపీఎస్ కీచుమంటూనే ఉంది, అంకె కదులుతూనే ఉంది. తొంభై ఆరు. తొంభై తొమ్మిది దగ్గర అది ఆగినంతసేపు నేను పెళ్ళిలో కూడా ఆగలేదు.

నాలుగుంపావుకి నూరు. లింకు నేనే, నా చేత్తోనే, ఒక్క సాయిశంకర్‌కే పంపాను. పంపేముందు దాలయ్య ఫోన్ ఇంకా నా డ్రాయరులోనే ఉందో లేదో చూసుకున్నాను.

ఐదుకి పది నిమిషాలుండగా ఆయన ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టాను. "దిగిందమ్మా, పూర్తిగా చూశాను. చుక్కలు స్పష్టంగా ఉన్నాయి. పేరు జాబితాలో రాశాను." తర్వాత, "ఆ కోస్తున్నాయన అక్కడున్నాడా?" అన్నాడు. "ఉన్నాడు" అన్నాను. "మంచి పని చేశాడని చెప్పండి. ఆ బావగారెవరో, ఆయనకి కూడా చెప్పండి" అన్నాడు.

పోలిరాజు కుర్చీలోంచి లేవలేదు. తిరిగి మాత్రం కూర్చున్నాడు, దాలయ్య వైపుకి. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా నా టేబులు కాళ్ళకేసి చూశారు. నాకు చిరాకేసింది, ఈ మగాళ్ళకి ఒక్క మంచి మాట నోట్లోంచి రావాలంటే ఎన్ని జీబీలు కావాలో.

"ఇంకా ఎన్నిసార్లు దించుకోవచ్చమ్మా?" అన్నాడు పోలిరాజు.

"పదిలో ఒకటి పోయింది. తొమ్మిది."

"ఐతే వాటాలెయ్యండి. పోతమ్మకొకటి. బోటుకొకటి, అది ఆడిదే. సన్నీకొకటి."

"వాసుకొకటి, బావా" అన్నాడు దాలయ్య గభాల్న. "బ్రమరాంబకి, కిష్ణంరాజుకి. ఈశ్వరికి కూడా ఎయ్యాల, కూర పెడతాది. ఎన్నయినాయి?"

"ఏడు. మిగిలిన రెండూ నా వలవి" అన్నాడు పోలిరాజు.

"నీ పోన్లో ఉన్నాది కదా బావా, మళ్ళీ రెండెందుకు?"

"ఉంటే ఉన్నాది. వలకి రెండంటే రెండే." కాసేపు ఆలోచించి నాకేసి చూశాడు. "కాదు, ఒకటి సాలు. ఒకటి రోజమ్మకి. ఈయేళ తాడట్టింది."

ఇంకో లింకు చేస్తే ఇంకో పది వస్తాయని, ఎన్ని లింకులైనా చెయ్యొచ్చని నేను చెప్పాలి. చెప్పలేదు. నా నియమం ప్రకారం ఆ ఫైలుని తీసెయ్యాలి కూడా. అది నా వాటా కాబట్టి తియ్యలేదు.

ఇద్దరూ మెట్లు దిగారు. బోటు ఇసకలోంచి లాగాలట, సన్నీ ముందే పరుగెత్తాడు. మలుపు దగ్గర దాలయ్య గొంతు మళ్ళీ పాత ధోరణిలోకి వచ్చేసింది.

"వీడియోలో సిన్నగా కనపడ్డాది గానీ బావా, అసలు రెండు బస్సులుంటాది. ఎల్లిపోతా ఎనక్కి తిరిగి నాకు దండమెట్టినాది."

పోలిరాజు బీడీ వెలిగించుకుని, "ఊఁ" అన్నాడు.